జరిగే కప్పు గది: అచ్చంపేట వెల్డింగ్ భాయ్ పని మీద ఏడాది తర్వాత నా రివ్యూ

మాది అచ్చంపేట. మెడికల్ షాపు నడుపుత. రాత్రి 10 గంటలకు షట్టర్ దించినంక మిగిలిన టైమే నాది. 2019ల 8 ఇంచుల అద్దం ఉన్న జీఎస్ఓ కంపెనీ డాబ్సోనియన్ (పెట్టె మీద కూర్చుండబెట్టి చేత్తో తిప్పే రకం) టెలిస్కోపు కొన్న. ఐదేండ్లు ఇంటి డాబా మీదనే చూసిన. ట్యూబు, కింది పెట్టె కలిపితే 20 కిలోల పైనే. రెండు విడతలుగా మెట్లెక్కించి, అద్దం బయటి గాలికి చల్లబడేదాక ఆగి, అద్దాల వరస సరి చూసుకునేసరికి 11:30 అయ్యేది. తెల్లారి 7 గంటలకు మళ్ల షాపు. అట్ల 2024 మొత్తం కలిపి నా డైరీల రాసుకున్న రాత్రులు 14. నడుము నొప్పి గోలీలు నా షాపులవే నేను మింగిన రోజులు అంతకన్న ఎక్కువ.

ఊరికి దక్షిణం దిక్కు మాకు కొంత చెలక ఉన్నది. అక్కడ టెలిస్కోపు ఎప్పటికీ ఒకే చోట ఉండేటట్టు, కప్పు పక్కకు జరిగేటట్టు ఒక గది కట్టించుకున్న. ఈ రివ్యూ ఆ కప్పు చేసిన వెల్డింగ్ షాపు గురించి. పేరు రాయొద్దని ఆయనే అన్నడు, అందుకే భాయ్ అని రాస్తున్న. పని బాగా చేసిండు. ఒక్క చోట పెద్ద తప్పు జరిగింది, అది కూడా పూర్తిగా చెప్త. ఇట్లాంటి గది కట్టుకోవాలనుకునేటోళ్లకు ఆ తప్పే ఎక్కువ అక్కరకొస్తది.

అందరూ అడిగే మాట, గుండ్రటి డోమ్ ఎందుకు పెట్టలేదని. బేగంపేట నిజామియా అబ్జర్వేటరీ ఫోటోలు చూసినోళ్లకు అబ్జర్వేటరీ అంటే గుమ్మటమే గుర్తొస్తది. కానీ గుమ్మటంల సన్నటి చీలిక నుంచే చూడాలె, టెలిస్కోపు తిప్పినప్పుడల్లా చీలికను కూడా తిప్పాలె. మా పాప, దాని దోస్తులు వస్తే ఒకరు చూసేటప్పుడు మిగిలినోళ్లు చీకట్ల గోడ మొహం చూసుకుంట నిలబడాలె. కప్పు మొత్తం జరిగితే ఆకాశం మొత్తం అందరిదీ. ఖర్చుల కూడా పోలికే లేదు. ఫైబర్ డోముకు నాకు చెప్పిన ధర నా టెలిస్కోపు ధరకు ఏడింతలు.

హైదరాబాదుల ఇద్దరు ముగ్గురిని అడిగిన. ఒకాయన డ్రాయింగుకే ముందుగాల డబ్బులు కట్టమన్నడు. చివరికి మా ఊర్లనే, రైసు మిల్లులకు, కోళ్ల ఫారాలకు జరిగే గేట్లు చేసే భాయ్ దగ్గరికి పోయిన. కాగితం మీద గీసి చూపిస్తే రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత "ఇది గేటే గదన్నా. నిలబెట్టే గేటును పండబెట్టాలె, అంతే. బరువు ఎంత, గాలి ఎటు నుంచి కొడ్తది, అది జెప్పు" అన్నడు. టెలిస్కోపు అంటే ఏందో ఆయన అడగలేదు. గాలి గురించి అడిగిండు. అప్పుడే పని ఆయనకే ఇయ్యాలనుకున్న.

గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడుగు. గోడలు సిమెంటు ఇటుకలవి, 5 అడుగుల ఎత్తే, లోపలికి తల వంచి పోవాలె. కప్పు ఉత్తరం దిక్కు జరుగుతది. ఇది నేను చాన ఆలోచించి పెట్టుకున్నది. మాకు ఉత్తరాన అచ్చంపేట వెలుగు, దక్షిణాన నల్లమల చీకటి. కప్పు ఉత్తరం పోయి నిలబడితే ఊరి లైట్లకు అదే అడ్డం అయితది. ధ్రువ నక్షత్రం మన దగ్గర 16 డిగ్రీల ఎత్తులనే ఉంటది కాబట్టి అది కూడా దాని వెనుక దాక్కుంటది. మోటారు పెట్టిన ఈక్వటోరియల్ మౌంటు (చుక్కల వెంబడి టెలిస్కోపును తిప్పే స్టాండు) వాడేటోళ్లకు, ఫోటోలు తీసేటోళ్లకు ధ్రువం కనబడాలె, వాళ్లు కప్పు ఇంకో దిక్కుకు జరుపుకోవాలె. నాది చేత్తో తిప్పే డాబ్సోనియన్, నాకు ఆ బాధ లేదు.

గోడ ఎత్తు దగ్గర మాత్రం మొదట్ల నేనే తప్పు లెక్క వేసిన. డాబ్సోనియన్ తిరిగే ఇరుసు నేల నుంచి రెండడుగుల ఎత్తుల ఉంటది. గోడ 5 అడుగులు. ముగ్గు పోసినంక భాయ్, నేను ఒక కట్టెకు ఇరుసు ఎత్తుల మేకు కొట్టి, అక్కడి నుంచి గోడ వచ్చే ఎత్తు దాక దారం లాగి, మా పాప జామెట్రీ బాక్సుల ప్రొట్రాక్టర్ పెట్టి చూసినం. 30 డిగ్రీలు! అంటే దక్షిణాన 30 డిగ్రీల కింద ఉన్నదేదీ కనబడదు. అగస్త్య నక్షత్రం మన దగ్గర ఎక్కేదే 21 డిగ్రీలు. ఇంత దూరం దక్షిణంల ఉండి, నల్లమల చీకటి ముందట పెట్టుకొని, ఆ ఆకాశాన్ని గోడకు ఇచ్చేద్దునా?

దానికి రెండు పనులు చేసినం. టెలిస్కోపు కింద అడుగున్నర ఎత్తు కాంక్రీటు దిమ్మె పోయించిన. దక్షిణం గోడ పై అడుగున్నర ఇటుక కట్టకుండ, కిందికి మడిచే రేకు తలుపు పెట్టించిన. తలుపు దించితే చూపు గుట్టల అంచు దాక పోతది. దిమ్మె సంగతి ఒకటి చెప్పాలె. అది గది నేలకు తగలొద్దు. తగిలితే మనం అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా కన్ను పెట్టి చూసే కటకం, అదే ఐపీస్‌ల చుక్క వణుకుతది. దిమ్మె పునాది వేరుగా 3 అడుగులు లోతుకు పోయి బండ మీద కూర్చున్నది. దాని చుట్టూ రెండించుల సందు ఇడిచి, ఇన్సులిన్ పార్సిళ్లకు వచ్చే థర్మాకోల్ డబ్బాలు కోసి ఆ సందుల కూర్చి, పైన ఫ్లోరింగు చేయించిన. ఇప్పుడు 133 రెట్లు పెద్దగ చేసి చూస్తున్నప్పుడు పక్కన పిల్లలు దుంకినా గురుగ్రహం కదలదు.

ఇగ చక్రాల గురించి. కప్పు 150 కిలోల దాక ఉంటది: చదరపు పైపుల చట్రం, దాని మీద కలర్ కోటెడ్ రేకులు. తూర్పు పక్క మూడు, పడమర పక్క మూడు, మొత్తం 6 గేటు చక్రాలు. చక్రం అంచుల వి ఆకారం గాడి ఉంటది. పట్టాకు ఎల్ యాంగిల్‌ను (ఎల్ ఆకారం ఇనుప పట్టీని) బోర్లేసి వెల్డింగ్ చేసిండు, పై అంచు కత్తి లెక్క పైకి ఉంటది, చక్రం గాడి దాని మీద కూర్చుంటది. నేను అయితే గాడి పట్టాలనే ఉండాలె, చక్రం అందుల పోవాలె అనుకున్న. "గాడి కింద ఉంటే దుమ్ము, పల్లి పొట్టు, రాళ్లు అన్నీ దాంట్లనే జేరుతయి. అంచు మీద ఏదీ నిలబడదు" అన్నడు. నిజమే, మే నెల దుమారంల కూడా పట్టా మీద చెయ్యి పెడితే శుభ్రంగ ఉన్నది. చక్రం ఇరుసుకు బేరింగులు ఉన్నయి, గ్రీజు కొట్టనీకె చిన్న నిపుల్ కూడా పెట్టిండు. కప్పు పైకి లేవకుండ చట్రానికి నాలుగు మూలల ఇనుప కొక్కాలు వేసి పట్టా కిందికి వంచిండు. వాటికి తోడు మూసినప్పుడు బిగించే నాలుగు స్క్రూ గొళ్లేలు. ఆ కొక్కాలు నేను అడగలేదు, కాగితంల గీయలేదు. గాలి గురించి అడిగినోడు గాలికి పనికొచ్చే పని చేసిండు.

ఒక్క చెయ్యితో తోస్తే కప్పు కదులుతది. 69 ఏండ్ల మా అమ్మ తోసి చూపించింది.

టైము విషయంల మాత్రం మార్కులు తక్కువ. శివరాత్రి లోపల అయిపోతదన్నడు. శివరాత్రికి పట్టా కూడా రాలేదు. చక్రాలు ముందు ఒక సైజు తెచ్చి వాపస్ పంపిండు, మధ్యల వేరే మిల్లు పని పట్టిండు, ఫోను చేస్తే "రేపు" అన్నడు. నాలుగు సార్లు రేపు అయినంక రంజాన్ నెల మొదలైంది. ఉపవాసంల ఎండకు ఇనుము పని చేయమని నేనెట్ల అడుగుత? సాయంత్రం రెండు గంటలే చేసుకుందమని నేనే చెప్పిన. ఆఖరు రేకు 2025 మార్చి 30 నాడు ఎక్కింది. ఆ రోజు ఉగాది. మా ఇంట్ల పచ్చడి తాగి నేను చెలకకు పోయేసరికి భాయ్, ఆయన కొడుకు బోల్టులు బిగిస్తున్నరు. పొద్దు గూకినంక పని ఆపి పడమటి దిక్కు చూసుకుంట నిలబడ్డరు. కప్పు మొదటిసారి పూర్తిగా జరిపినం, ట్యూబును దిమ్మె మీద పెట్టిన. సన్నటి నెలవంక. భాయ్ ముందు ఉట్టి కండ్లతో చూసి దువా చేసుకున్నడు, తర్వాత ఐపీస్ దగ్గర వంగిండు. ఎంత సేపటికీ లేవలేదు. "దీని మీద గుంతలున్నయన్నా" అన్నడు. తెల్లారి వాళ్లకు పండుగ. ఆ గదిల మేము చూసిన మొదటిది ఆ ఉగాది నాటి రంజాన్ నెలవంక.

ఏప్రిల్ అమావాస్యకు దక్షిణం తలుపు దించిన. అర్ధరాత్రి దగ్గర ఒమేగా సెంటారీ అనే చుక్కల గుంపు నల్లమల మీద 26 డిగ్రీల ఎత్తుకు వచ్చింది. ఉట్టి కండ్లకు మసక చుక్క. 48 రెట్లల చూస్తే నల్ల శాలువా మీద బొంబాయి రవ్వ ఒలికినట్టు, నడుమ ముద్దగా, అంచులకు పోను పోను పలచగా. ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త ఎడ్మండ్ హేలీ 1677ల దక్షిణాన సెయింట్ హెలీనా దీవిల ఉండి దీన్ని ఒక మసక మచ్చ అని రాసుకున్నడు, అది చుక్కల గుంపు అని అప్పటికి తెలియదు. సుమారు 17,000 కాంతి సంవత్సరాల దూరంల కోటి దాక నక్షత్రాలు. లండనుల పుట్టినోనికి తన ఇంటి మీద ఇది ఎన్నడూ కనబడదు. మా చెలకల కనబడతది. ఇంకా కిందికి, 13 డిగ్రీల దగ్గర, ఉట్టి కండ్లకు ఒక్కటే చుక్కగా కనబడే ఆల్ఫా సెంటారీ నక్షత్రం టెలిస్కోపుల రెండు చుక్కలుగా విడిపోయింది. డాబా మీద ఉన్నన్ని రోజులు పక్కింటి వాటర్ ట్యాంకు వెనుకనే ఉండె అదంతా. తలుపుకు భాయ్ తీసుకున్నది 3,500. మొత్తం పనిల నాకు ఎక్కువ ఇచ్చింది ఆ రేకు తలుపే.

ఇప్పుడు తప్పు సంగతి.

1980 ఫిబ్రవరి 16 నాడు సంపూర్ణ సూర్యగ్రహణం మన దిక్కు మీద నుంచే పోయింది. జపాల్-రంగాపూర్ల ఉస్మానియా యూనివర్సిటీ అబ్జర్వేటరీ దగ్గర శాస్త్రవేత్తలు పరికరాలు పెట్టుకొని చూసిన్రు. మా అన్న అప్పుడు మా అమ్మ కడుపుల ఉన్నడు. ఆమెను అర్ర లోపల పెట్టి, కిటికీకి గోనెసంచి కట్టి, గ్రహణం విడిచేదాక మెదలనియ్యలేదట. పట్టపగలు ఊరంతా చీకటైన ముచ్చట అందరూ చెప్పుకుంటుంటే ఆమె వినుడే గానీ చూడలేదు. అందుకని 2025 సెప్టెంబర్ 7 చంద్రగ్రహణానికి అమ్మను చెలకకు తోలుకపోత అని నెల ముందే చెప్పిన. ఆదివారం. షాపు తొందరగా బంద్ పెట్టిన. 9:57కు పట్టుడు మొదలు, 11:01కి పూర్తిగా మూసుకుంటది. మేము 9:30కే పోయినం. మబ్బులు వస్తున్నయి, పోతున్నయి.

గొళ్లేలు విప్పి కప్పు తోసిన. నాలుగడుగులు పోయి ఆగింది. ఇంకింత తోస్తే ఒక పక్క మాత్రమే కదిలి, చట్రం వంకరై, కిర్రుమని సప్పుడు. టార్చ్ కొట్టి చూస్తే గది బయట పట్టాలను మోసే పడమటి పక్క స్తంభం నేలల ఇంచు పైగా దిగింది. పట్టా అక్కడ వాలిపోయి, ముందటి చక్రం గాడి అంచు మీది నుంచి సగం లేచింది. తెరుచుకున్న నాలుగడుగులు దక్షిణం గోడ పక్కన, చంద్రుడు దాదాపు నడినెత్తిన. టెలిస్కోపుకు రేకు తప్ప ఏం కనబడదు. బయటికి మోద్దామంటే మొన్నటి వానకు కాలు దిగేంత బురద, కింది పెట్టెది పొట్టు చెక్క, తడి తగిలితే ఉబ్బుతది. భాయ్‌కి ఫోను చేసిన. రాత్రి 10 అయినా ఎత్తిండు. "ఇంక దొబ్బకన్నా, చక్రం దిగితే కప్పు మొత్తం పడ్తది. పైన టార్పాలిన్ కప్పు, పొద్దున ఫజర్ నమాజు కాంగనే వస్త" అన్నడు.

పత్తి మీద కప్పే టార్పాలిన్ ఆ సందు మీద కట్టి, గది బయట బండ మీద కుర్చీ వేసి అమ్మను కూర్చోబెట్టిన. చిన్న బైనాక్యులర్ ఇచ్చిన. 11 దాటినంక మబ్బు విడిచినప్పుడల్లా చూసినం. "కుంపట్ల బొగ్గు ఆరేటప్పుడు గిట్లనే ఉంటది" అన్నది అమ్మ. ఆమెకు నచ్చింది. కానీ ఏడాదంతా తయారు చేసుకున్నది ఆ రాత్రి కోసమే, గది పక్కన కూర్చొని గది బయటి నుంచి చూసుడు నాకు ఇప్పటికీ బాధనే.

తెల్లారి 6:30కు భాయ్, కొడుకు జాకీలతో వచ్చిన్రు. ముందు కప్పును జాకీల మీద ఎత్తి చక్రం కూర్చోబెట్టిన్రు. తర్వాత స్తంభం పక్కన తవ్విన్రు. రెండడుగుల లోతుకు నల్లగ, మెత్తగ మట్టి వచ్చింది. మా చిన్నాయన వచ్చి చూసి, పాతిక ముప్పై ఏండ్ల కింద మా పసులకొట్టం పెంట అక్కడనే వేసేటోళ్లమని అప్పుడు చెప్పిండు. మిగతా చెలకంతా ఎర్రమట్టి, కింద బండ. సరిగ్గ ఆ స్తంభం ఉన్న చోటు మాత్రం పాత పెంటగుంత. గోడలకు మేస్త్రీ పునాది బండ దాక తీసిండు, గట్టిగ ఉన్నది. బయటి నాలుగు స్తంభాలకు మాత్రం భాయ్ గేటు స్తంభం లెక్కనే అడుగున్నర తవ్వి కాంక్రీటు పోసిండు. గేటు బరువుకు అది సరిపోతది. కప్పు జరిగినప్పుడు 150 కిలోలు మొత్తం ఆ నాలుగింటి మీదికే పోతయి. ఇది ఆయన లెక్కల రావాల్సిన విషయం, రాలేదు. నేల సంగతి ఇంట్ల పెద్దోళ్లను అడగాల్సింది నేను, అడగలేదు.

ఆయన వాదన పెట్టలేదు. నాలుగు స్తంభాలు పీకి, బండ తగిలేదాక తవ్వి, రెండడుగుల చదరం కాంక్రీటు పోసి, అందుల బోల్టులు నిలబెట్టి, స్తంభం అడుగున ఇనుప ప్లేటు వేసి నట్లతో బిగించిండు. ఇప్పుడు రేపెప్పుడన్నా ఇంచు దిగినా, నట్లు తిప్పి స్తంభాన్ని పైకి లేపుకోవచ్చు. లెవెల్‌కు మేస్త్రీలు వాడే నీళ్ల పైపు పట్టినం. ఒక కొస తూర్పు పట్టా మీద, ఇంకో కొస పడమటి పట్టా మీద, 24 అడుగుల పొడుగునా మూడు మూడు అడుగులకు ఒక గుర్తు. పైపుల నీళ్లు రెండు కొసలకు సమానంగ నిలబడేదాక నట్లు తిప్పుడే. పొద్దున మొదలుపెడితే పొద్దు గూకింది. సామాను ఖర్చు 6,500 తీసుకున్నడు, కూలి ఒక్క రూపాయి తీసుకోలేదు. నేను ఆపుకున్న చివరి 10,000 అప్పుడే ఇస్తనంటే "ఒక చలికాలం పోనీ, అప్పుడియ్యి" అన్నడు. జనవరిల నీళ్ల పైపు మళ్ల పెట్టి చూసినం. వెంట్రుక తేడా లేదు. ఇచ్చేసిన.

చిన్న చిన్నవి కూడా రాస్త. కొన్ని వెల్డింగ్ అతుకుల మీద రెడ్ ఆక్సైడ్ వేయకుండనే పైరంగు కొట్టిండు, ఒక్క వానకాలానికే తుప్పు కారింది, నేనే గీకి మళ్ల వేసుకున్న. కప్పుకు గోడకు నడుమ సందు నుంచి కందిరీగలు వచ్చి ట్యూబు మూతి దగ్గర గూడు పెట్టినయి. తలుపుల కింద వేసే బ్రష్ పట్టీ చుట్టూ అంటిస్తే ఆగింది. టెలిస్కోపు కింది పెట్టె పొట్టు చెక్కది కాబట్టి చెదలు పడ్తయి, అది వెల్డింగోళ్ల తప్పు కాదు. దిమ్మె మీద మూడు రబ్బరు బిళ్లలు పెట్టి దాన్ని ఎత్తిన, నెలకోసారి మందు కొడ్త. ఐపీసులకు బూజు రాకుండ గాలి చొరని డబ్బాల పెట్టి, గోలీల సీసాలల్ల వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేస్త. నా షాపుల వాటికి కొదువ లేదు. రేకు కింద కోళ్ల ఫారాలల్ల వాడే బబుల్ షీట్ వేయమని భాయే చెప్పిండు. అది లేకుంటే మే ఎండకు లోపల అద్దం రాత్రి 11 దాక వేడిగనే ఉండేది. ఇప్పుడు అరగంట ముందు కప్పు జరిపితే చాలు. ఒక జాగ్రత్త: ట్యూబును పండబెట్టనిదే కప్పును కదిలించొద్దు, నిలబడి ఉంటే చట్రం కమ్మి తగుల్తది. తలుపు మీద ఎర్ర రంగుతో రాసి పెట్టిన.

ఖర్చు: కప్పు, పట్టాలు, స్తంభాలు, దక్షిణం తలుపు కలిపి 1,32,000. గోడలు, దిమ్మె, ఫ్లోరింగు మేస్త్రీకి 58,000. బబుల్ షీట్, ఎర్ర లైట్లు, వైరింగు 11,000. భాయ్ ఇనుముకు కిలో లెక్కన తీసుకుంటడు, తూకం మన ముందటనే వేస్తడు.

నిరుటి ఉగాది నుంచి ఈ ఉగాది దాక డైరీల 61 రాత్రులు. వానకాలం నాలుగు నెలలల్ల వచ్చినయి ఐదే. నవంబరుల శని గ్రహం చూపిస్తే అమ్మ "ఉంగరం ఏది?" అని అడిగింది. నిరుడు ఆ వలయం మనకు అంచు మీద నిలబడ్డది, నవంబరు ఆఖరుకు సూదితో గీసిన గీత తప్ప ఏం లేదు. ఇగ కొన్నేండ్లు ఏటేటా ఇంకింత తెరుచుకుంటదని చెప్పిన. చైత్ర పౌర్ణమికి వెన్నెల కాబట్టి గది మూసి సలేశ్వరం జాతరకు పోత, అమావాస్యకు మళ్ల దక్షిణం తలుపు దించుత.

మొన్న కొల్లాపూర్ నుంచి ఒక తమ్ముడు వచ్చి గది చూసి, తనకూ ఇట్లాంటిది కావాలన్నడు. అక్కడి నుంచే భాయ్‌కి ఫోను కలిపిన. సైజు ఎంత, ఎప్పటికి కావాలె అని అడుగుతడనుకున్న. "ముందు స్తంభాలు పాతే నేల జూపియ్యమను. వాళ్ల ఇంట్ల ముసలోళ్లు ఎవరన్న ఉంటే వాళ్లను గూడ రమ్మను" అన్నడు.